కంప్యూటర్ గడియారం సరైన టైమ్‌తో నడవాలంటే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చీమకుర్తి క్వారీల దగ్గర వేబ్రిడ్జి కంప్యూటర్లు, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద సెన్సర్ పెట్టెలు, ఒంగోలు కాలేజీల ల్యాబులు, కావలి షాపుల్లో సీసీటీవీ దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్‌లు. వీటన్నిటినీ చూసుకునేవాళ్ల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివి. టైమ్ రెండు నిమిషాలు అటూ ఇటూ అయితే ఏముందిలే అని చాలామంది వదిలేస్తారు. లారీ లోపలికొచ్చిన టైమ్ కన్నా బయటికెళ్లిన టైమ్ ముందున్న కాటా స్లిప్పు చేతికొచ్చిన రోజున అసలు ఇబ్బంది మొదలవుతుంది.

కొన్న రోజు టైమ్ సరిగ్గానే ఉంది. ఇప్పుడెందుకు తప్పుతోంది?

కంప్యూటర్‌లో గడియారాలు రెండుంటాయి. ఒకటి మదర్‌బోర్డు మీద ఉండే ఆర్‌టీసీ, అంటే రియల్ టైమ్ క్లాక్. కరెంటు లేకపోయినా సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీతో నడుస్తూనే ఉంటుంది. రెండోది విండోస్ గానీ లినక్స్ గానీ నడిపే సిస్టమ్ క్లాక్. మెషిన్ ఆన్ చేయగానే ఇది ఆర్‌టీసీని చూసి టైమ్ తీసుకుంటుంది. ఆ తర్వాత మళ్లీ దాన్ని అడగదు, ప్రాసెసర్ వైపు ఉన్న వేరే టైమర్‌తో సొంతంగా లెక్కపెట్టుకుంటూ పోతుంది. అంటే ఒకే పెట్టెలో రెండు గడియారాలు, ఒక్కోటీ తన లెక్కన తప్పుతుంటుంది.

ఆర్‌టీసీలో ఉండేది సెకనుకి 32,768 సార్లు కంపించే చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. ఆ సంఖ్యను పదిహేను సార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది, సర్క్యూట్‌కి సెకను లెక్కించడం సులువు. అయితే మామూలు స్ఫటికాల్లో పది లక్షలకి 20 వంతుల తేడా ఉండటం సహజం. వినడానికి చాలా చిన్నది, కానీ రోజుకి దాదాపు 1.7 సెకన్లు, నెలకి 50 సెకన్ల పైచిలుకు. అది మీ మెషిన్‌లో లోపం కాదు. సరిదిద్దేవాళ్లు లేని ఏ క్వార్ట్జ్ గడియారమైనా అంతే.

ఎండాకాలంలో ఇంకా ఎక్కువ వెనకబడుతోంది. ఇది నిజమేనా, మా భ్రమా?

నిజమే. ఈ స్ఫటికాలు 25 డిగ్రీల దగ్గర తమ వేగంలో నడిచేలా తయారవుతాయి. అక్కడి నుంచి వేడి పెరిగినా చలి పెరిగినా నెమ్మదిస్తాయి. పైగా తేడా రెట్టింపైతే తప్పు నాలుగింతలవుతుంది. రేకుల షెడ్డులో, ఫ్యాన్ లేని గూట్లో పెట్టిన డీవీఆర్ పెట్టె లోపల రోహిణి కార్తెలో 50 డిగ్రీలు ఉండటం వింతేమీ కాదు. ఆ వేడికి పది లక్షలకి సుమారు 21 వంతుల చొప్పున, రోజుకి 1.8 సెకన్లు వెనకబడుతుంది. తయారీలోనే ఉన్న తేడా కూడా అదే వైపు అయితే రెండూ కలిసి నెల తిరిగేసరికి నిమిషంన్నర దాటుతుంది. అదే మెషిన్ ఏసీ గదిలో ఉంటే ఇంత తేడా రాదు. పెట్టెకి గాలి తగిలేలా చూడటం మంచిదే గానీ, దాంతో సమస్య తీరదు. బయటి నుంచి సరైన టైమ్ తెప్పించుకోవాల్సిందే.

బ్యాటరీ మారిస్తే సరిపోదా?

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టైమ్ ఎన్నో ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంటే బ్యాటరీ అయిపోయినట్టే, మార్చండి. రోజుకి కొన్ని సెకన్లు మాత్రమే తప్పుతుంటే బ్యాటరీతో దానికి సంబంధం లేదు.

మా కంప్యూటర్‌లో తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. ఇదేం లెక్క?

తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలైతే గడియారం తప్పలేదు, టైమ్ జోన్ తప్పింది. కంప్యూటర్లు లోపల లెక్క పెట్టుకునేది యూటీసీ అనే ప్రపంచ సమయం. మన భారత ప్రామాణిక సమయం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. కొత్తగా విండోస్ వేసినవాళ్లు జోన్ మార్చడం మర్చిపోవడం మామూలే.

ఒకే మెషిన్‌లో విండోస్, లినక్స్ రెండూ వేసుకున్న విద్యార్థులకి ఇది ఇంకోలా ఎదురవుతుంది. విండోస్ ఆర్‌టీసీలో స్థానిక సమయం రాస్తుంది, లినక్స్ అక్కడున్నది యూటీసీ అనుకుంటుంది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారినప్పుడల్లా అయిదున్నర గంటలు అటో ఇటో జరుగుతుంది. రెండూ ఒకే పద్ధతిలో చదివేలా ఏదో ఒకదాని సెట్టింగ్ మార్చితే పోతుంది. లినక్స్‌లో ఒక్క టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండుతో అయిపోతుంది కాబట్టి కొత్తవాళ్లకి అటువైపు మార్చడమే తేలిక.

ఇంతకీ సరైన టైమ్ ఎవరి దగ్గర ఉంటుంది?

మన దేశానికి న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దగ్గర. అక్కడ సీసియం పరమాణు గడియారాలు, హైడ్రోజన్ మేజర్లు అనే ఇంకోరకం పరమాణు గడియారాలు కలిసి భారత ప్రామాణిక సమయాన్ని నిలబెడతాయి. సీసియం పరమాణువు నుంచి వచ్చే తరంగం 919,26,31,770 సార్లు ఊగితే ఒక సెకను. 1967 నుంచి ప్రపంచమంతటా సెకనుకి నిర్వచనం ఇదే.

సూర్యుణ్ణి చూసి టైమ్ పెట్టుకునే రోజులు పోయాయని ఇక్కడే ఒక మాట చెప్పాలి. భారత ప్రామాణిక సమయం మీర్జాపూర్ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశం మీద లెక్క. నెల్లూరు, ఒంగోలు రెండూ 80 డిగ్రీల దగ్గర ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మనకి సూర్యుడు ఆ రేఖ కన్నా పది నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికొస్తాడు. 1906లో దేశమంతటికీ ఒకే సమయం రాకముందు రైళ్లు మద్రాసు టైమ్‌తో నడిచేవి, అది నెల్లూరు పొద్దుకి బాగా దగ్గర. ఇప్పుడు కావాల్సింది పొద్దుతో కలవడం కాదు, అవతలి కంప్యూటర్‌తో కలవడం.

ఢిల్లీ నుంచి ఇంటర్నెట్‌లో టైమ్ వచ్చేలోపే ఆలస్యమైపోదా?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. ఈ పనికి వాడే పద్ధతి పేరు ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మిల్స్ దీన్ని రూపొందించారు. మొదటి పత్రం 1985లో వచ్చింది, ఇప్పుడు నడుస్తున్న నాలుగో వెర్షన్‌ది 2010లో. దారిలో పట్టే ఆలస్యాన్ని కొలిచి తీసేయడమే ఇందులోని అసలు తెలివి.

ఎలాగో చూడండి. మీ గడియారం సరిగ్గా 2 సెకన్లు వెనకబడి ఉందనుకుందాం. మీ లెక్కన 10 గంటల 0.000 సెకన్లకి ప్రశ్న బయల్దేరింది. సర్వర్‌కి చేరినప్పుడు దాని గడియారంలో 2.030. అది జవాబు పంపింది 2.031కి. మీకు చేరేసరికి మీ గడియారంలో 0.061. వెళ్లేటప్పుడు కనిపించిన తేడా 2.030, వచ్చేటప్పుడు కనిపించిన తేడా 2.031 లోంచి 0.061 తీసేస్తే 1.970. రెండూ కలిపి సగం చేస్తే సరిగ్గా 2.000. దారిలో పోయిన 30 మిల్లీసెకన్లు ఒకవైపు కలిసి, ఇంకోవైపు తీసివేతకొచ్చి, రెండూ కొట్టుకుపోయాయి.

ఒక్క షరతుంది. వెళ్లే దారికీ వచ్చే దారికీ ఒకే టైమ్ పట్టాలి. మొబైల్ డేటా మీద ఇది చాలాసార్లు కుదరదు. వెళ్లడానికి 80, రావడానికి 20 మిల్లీసెకన్లు పడితే తేడాలో సగం, అంటే 30 మిల్లీసెకన్ల తప్పు మిగిలిపోతుంది. ఎన్నిసార్లు అడిగినా అది పోదు. కాటా స్లిప్పులకి, బిల్లింగ్‌కి, హాజరుకి 30 మిల్లీసెకన్లు లెక్కలోకే రాదు. టవర్ సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట కూడా ఎన్‌టీపీ వాడుకోండి, బ్రాడ్‌బ్యాండ్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

ఏ సర్వర్ పెట్టాలి? ఎలా పెట్టాలి?

జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్ చిరునామా టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఆర్గ్. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌వి సమయ్1 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్, సమయ్2 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి, డేట్ అండ్ టైమ్‌లో ఇంటర్నెట్ టైమ్ ట్యాబ్‌కి వెళ్లి చిరునామా మార్చొచ్చు. ఆ ట్యాబ్ కనపడకపోతే మీ మెషిన్ ఆఫీసు డొమైన్‌లో, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకేచోటి నుంచి నడిపే ఏర్పాటులో ఉందని అర్థం. అప్పుడు టైమ్ డొమైన్ సర్వర్ నుంచే వస్తుంది, మార్చాల్సిందీ అక్కడే.

పెట్టి వదిలేయకండి, పట్టుకుందో లేదో చూడండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో డబ్ల్యూ32టీఎం కమాండుతో క్వెరీ స్టేటస్ అడిగితే సోర్స్ అనే వరుస వస్తుంది. అక్కడ సర్వర్ పేరు ఉండాలి. లోకల్ సీమాస్ క్లాక్ అని ఉంటే మీ మెషిన్ ఎవర్నీ అడగట్లేదు, తన టైమ్‌నే తాను నమ్ముతోంది. లినక్స్‌లో క్రోనీ అనే ఎన్‌టీపీ ప్రోగ్రాం వాడుతుంటే క్రోనీసీ సోర్సెస్ అని కొట్టండి. నక్షత్రం గుర్తున్న వరుసే ఇప్పుడు అనుసరిస్తున్న సర్వర్. పక్కనే రీచ్ కింద 377 అని కనిపిస్తే గడిచిన ఎనిమిది ప్రయత్నాలకీ జవాబొచ్చినట్టు. ఎనిమిదీ అందితే అష్టాంశ లెక్కలో (0 నుంచి 7 దాకా అంకెలతోనే రాసే పద్ధతిలో) వచ్చే సంఖ్య అది. సున్నా ఉంటే రూటర్‌లోనో ఫైర్‌వాల్‌లోనో ఎన్‌టీపీ వాడే యూడీపీ 123 పోర్టు మూసి ఉండొచ్చు. కాలేజీ ల్యాబుల్లో మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఎన్ని సర్వర్లు పెట్టాలన్నదీ ముఖ్యమే. ఒకటే పెడితే అది తప్పు చెప్పినా తెలియదు. రెండు పెడితే చిక్కు తీరదు, రెండూ వేర్వేరు టైమ్‌లు చెప్తే ఎవరు నిజమో తేలదు. మూడుంటే ఒకటి తప్పినా మిగతా రెండూ పట్టిస్తాయి. నాలుగు పెడితే అందులో ఒకటి ఆగిపోయినా ఆ రక్షణ నిలుస్తుంది. ల్యాబులో యాభై మెషిన్లుంటే అన్నీ బయటికి వెళ్లి అడగాల్సిన పనిలేదు. ఒక మెషిన్ బయటి నాలుగు సర్వర్లను అనుసరించాలి, మిగతావన్నీ దాన్ని అనుసరించాలి. ఇంటర్నెట్ పోయినా లోపల అందరి టైమ్ ఒకటిగానే ఉంటుంది. నన్నడిగితే చిన్న ఆఫీసుకి కూడా ఇదే మేలు.

సింక్ చేసినప్పుడు టైమ్ ఒక్కసారిగా వెనక్కి దూకితే బిల్లులు తారుమారవవా?

అవుతాయి. పనివేళల్లో చేత్తో టైమ్ మార్చొద్దనేది అందుకే. 11:05కి ఒక లారీ తూకం అయ్యాక గడియారాన్ని 11:01కి తెస్తే, తర్వాతి లారీ ముందొచ్చినట్టు రికార్డవుతుంది. టైమ్‌ని బట్టి వరుస పేర్చే సాఫ్ట్‌వేర్ అయితే ఖాళీ లారీ తూకం, లోడు తూకం తారుమారవుతాయి కూడా.

సరిగ్గా అమర్చిన ఎన్‌టీపీ అలా చేయదు. చిన్న తేడా ఉంటే గడియారం వేగాన్ని కాస్త పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. టైమ్ ఎప్పుడూ ముందుకే నడుస్తుంది. సంప్రదాయ ఎన్‌టీపీడీ ప్రోగ్రాం సర్దుబాటు వేగం గరిష్ఠంగా పది లక్షలకి 500 వంతులు, అంటే ఒక సెకను తేడా సర్దుకోవడానికి అరగంట పైనే. తేడా 128 మిల్లీసెకన్లు దాటితే మాత్రం అది ఒక్కసారిగా మార్చేస్తుంది, 1000 సెకన్లు దాటితే ఏదో పెద్ద తప్పుందని ఆగిపోతుంది. క్రోనీ మామూలుగా మొదలైన తొలి మూడు కొలతల్లోనే దూకుతుంది, అదీ తేడా సెకను దాటితేనే. రోజూ కరెంటు పోయి వచ్చే చోటుకి క్రోనీయే బాగా కుదురుతుంది. పొద్దున మెషిన్ ఆన్ చేశాక సింక్ అయ్యిందని చూసుకుని, ఆ తర్వాతే వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ తెరవండి.

మా క్వారీ దగ్గర ఇంటర్నెట్టే రాదు. ఏం చేయాలి?

ఆకాశం కనిపిస్తే చాలు. ప్రతి జీపీఎస్ ఉపగ్రహంలోనూ పరమాణు గడియారాలుంటాయి. రిసీవర్ తన స్థానం కనుక్కునేదే టైమ్ లెక్కతో, కాబట్టి టైమ్ దానికి అదనపు పని కాదు. ఒక చిన్న జీపీఎస్ మాడ్యూల్‌ని రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డుకి కలిపి, క్రోనీ వేస్తే మీ సొంత టైమ్ సర్వర్ తయారవుతుంది. ఇలా నేరుగా మూల గడియారానికి తగులుకున్న సర్వర్‌ని స్ట్రేటమ్ 1 అంటారు, దాన్ని అడిగేవి స్ట్రేటమ్ 2. అలా 15 దాకా పోతుంది, 16 అంటే సింక్ లేదని.

కొనేటప్పుడు మాడ్యూల్‌కి పీపీఎస్ అనే కాలు ఉందో లేదో చూడండి. జీపీఎస్ పంపే అక్షరాల వరుస కేబుల్ మీద వచ్చేసరికి వందల మిల్లీసెకన్ల ఆలస్యం పడుతుంది, అది కూడా ప్రతిసారీ ఒకలా ఉండదు. పీపీఎస్ కాలు మీద ప్రతి సెకను మొదట్లో ఒక విద్యుత్ స్పందన వస్తుంది. అక్షరాలు ఏ సెకనో చెప్తాయి, స్పందన ఆ సెకను ఎక్కడ మొదలైందో చెప్తుంది. రెండూ కలిస్తే తప్పు కొద్ది మైక్రోసెకన్లకి దిగుతుంది. మామూలు యూఎస్‌బీ జీపీఎస్‌లలో ఈ కాలు బయటికి రాదు. కాటా గదికి అది కూడా సరిపోతుంది, సబ్‌స్టేషన్ పనులకి మాత్రం సరిపోదు.

యాంటెన్నా రేకుల కింద పెడితే సిగ్నల్ రాదు, బయటికి తీసి ఆకాశం కనిపించే చోట బిగించాలి. గ్రానైట్ గుంత అడుగున కూడా ఇదే ఇబ్బంది, అక్కడ ఆకాశం ముక్కే కనిపిస్తుంది.

జీపీఎస్ టైమ్ 18 సెకన్లు ముందుంది. మాడ్యూల్ పాడైందా?

లేదు. జీపీఎస్ సమయం 1980లో మొదలైంది, భూమి తిరుగుడుతో గడియారాన్ని కలపడానికి అప్పుడప్పుడు చేర్చే లీపు సెకన్లను కలుపుకోదు. యూటీసీ కలుపుకుంటుంది. అప్పటి నుంచి కలిసినవి 18. చివరిది 2016 డిసెంబరు 31 యూటీసీ అర్ధరాత్రికి ముందు పడింది, మనకప్పుడు 2017 జనవరి 1 తెల్లవారుజాము అయిదున్నర. ఈ 18 తీసేయమనే సమాచారం ఉపగ్రహమే పంపుతుంది, కానీ పూర్తి సందేశం అందడానికి 12.5 నిమిషాల దాకా పట్టొచ్చు. చవక మాడ్యూల్ మొదటిసారి ఆన్ చేయగానే తేడా చూపించి, పావుగంటలో తనే సర్దుకుందంటే కారణం ఇదే. 2035కల్లా లీపు సెకన్ల పద్ధతిని ఆపేయాలని 2022లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ తీర్మానించింది.

శ్రీహరికోట నుంచి ఎగిరిన మన నావిక్ ఉపగ్రహాల టైమ్ వాడుకోలేమా?

నావిక్ అంటే జీపీఎస్ లాంటి మన సొంత ఉపగ్రహ వ్యవస్థ. అది అందే రిసీవర్ ఉంటే వాడుకోవచ్చు. మొదటి తరం నావిక్ ఉపగ్రహాల్లో విదేశీ పరమాణు గడియారాలు పెట్టారు, వాటిలో కొన్ని కక్ష్యలోనే ఆగిపోయాయి. ఆ దెబ్బతో ఇస్రో రూబిడియం గడియారాన్ని ఇక్కడే తయారు చేసింది. అది మొదటిసారి ఎగిరింది 2023 మే 29న ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో. శ్రీహరికోట 2022 దాకా నెల్లూరు జిల్లాలోదే. దేశం తన సొంత సెకనుని ఆకాశంలోకి పంపింది మన తీరం నుంచే అని తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

తర్వాత 2025 జనవరి 29న వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకి చేరలేకపోయింది. కాబట్టి ఇప్పటికి నావిక్ ఒక్కదాని మీదే ఆధారపడకుండా, జీపీఎస్, నావిక్ రెండూ పట్టే రిసీవర్ తీసుకోండి.

రొయ్యల చెరువు గట్టు మీద పెట్టిన సెన్సర్ రాత్రి రికార్డుల్లో టైమ్ తప్పుగా చూపిస్తోంది.

చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఏరియేటర్ ఎప్పుడు ఆగింది, ఆక్సిజన్ ఎప్పుడు పడింది, కరెంటు ఎప్పుడు వచ్చింది అనే మూడూ మూడు పెట్టెల్లో రికార్డవుతాయి. వాటి టైమ్‌లు కలవకపోతే రొయ్య ఎందుకు తేలిందో ఎప్పటికీ తెలియదు. నష్టం ఎవరి వల్ల అనే గొడవ మాత్రం మిగులుతుంది.

ఈ పెట్టెల్లో చాలావాటికి బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు పోతే టైమ్ కూడా పోతుంది, నెట్‌వర్క్ దొరికేదాకా ఉత్తుత్తి టైమ్‌తో రాస్తాయి. తయారుచేసిన వాళ్లని డీఎస్3231 చిప్ పెట్టమని అడగండి. అది తన వేడిని తనే కొలుచుకుని సర్దుకునే గడియారం. 0 నుంచి 40 డిగ్రీల మధ్య తప్పు పది లక్షలకి 2 వంతులు మించదు, ఏడాదికి సుమారు ఒక నిమిషం. ఇందుకూరుపేట ఎండలో మూత పెట్టిన పెట్టె 40 దాటుతుంది కాబట్టి నీడలో బిగించండి.

దొంగతనం ఫుటేజీ పోలీసులు అడిగారు. డీవీఆర్ టైమ్ ఏడు నిమిషాలు తప్పుగా ఉంది. ముందు సరిచేసి ఇవ్వాలా?

వద్దు. ముందు ముట్టుకోవద్దు. సరైన టైమ్ చూపిస్తున్న ఫోన్‌ని డీవీఆర్ తెర పక్కన పట్టుకుని, రెండూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. ఎంత తేడా, ఎటువైపు అన్నది కాగితం మీద రాసి సంతకం చేయండి. ఫుటేజీ కాపీ అయ్యాకే గడియారం సరిచేయండి. ముందే మారిస్తే పాత రికార్డులకి ఎంత తేడా ఉండేదో చెప్పే ఆధారమే పోతుంది. కొన్ని డీవీఆర్‌లలో అయితే వెనక్కి జరిపిన టైమ్ పాత రికార్డు మీదే పడి వెతుకులాట గందరగోళమవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి, దాని గురించి పోలీసులనే అడగండి.

పని అయ్యాక డీవీఆర్ నెట్‌వర్క్ మెనూలో ఎన్‌టీపీ ఆన్ చేయండి. చాలావాటిలో ఆ సదుపాయం ఉంటుంది, బిగించినవాళ్లు ఆన్ చేయరంతే.

ఎన్‌టీపీ పెట్టుకోవడం చట్టప్రకారం తప్పనిసరా?

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ సిస్టమ్‌ల గడియారాలని జాతీయ భౌతిక ప్రయోగశాల, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సర్వర్లతో గానీ, వాటికి ముడిపడి ఉన్న సర్వర్లతో గానీ కలపాలి. ఇంటి కంప్యూటర్‌కి ఆ బాధ్యత లేదు.

టైమ్ తప్పితే వెబ్‌సైట్లు ఎందుకు తెరుచుకోవు?

ప్రతి సురక్షిత వెబ్‌సైట్ సర్టిఫికెట్‌కి మొదటి తేదీ, చివరి తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ తేదీ వాటికి బయట ఉంటే బ్రౌజర్ ఒప్పుకోదు. అథెంటికేటర్ యాప్ ఇచ్చే ఆరంకెల కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, ఫోన్ టైమ్ నిమిషాలు తప్పితే అదీ పనిచేయదు. ఆధార్ వేలిముద్ర తనిఖీ అభ్యర్థనలో కూడా టైమ్ వెళ్తుంది, అది ముందు తేదీగా కనిపిస్తే అవతలివైపు తిరస్కరిస్తారు. సర్వీస్ సెంటర్లలో వేలిముద్ర మెషిన్ పాడైందనుకునే ముందు కంప్యూటర్ తెర కుడివైపు కింద మూల ఉన్న తేదీ చూడండి.

2038లో గడియారాలన్నీ ఆగిపోతాయంటున్నారు. నిజమా?

అన్నీ కాదు. 1970 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే పాత మెషిన్లు 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి నిండిపోయి, మరుక్షణం 1901కి వెళ్తాయి. 64 బిట్ల కంప్యూటర్లకి ఈ బాధ లేదు. చూసుకోవాల్సింది గోడకి బిగించి మర్చిపోయే డీవీఆర్‌లు, హాజరు మెషిన్లు, గేటు కంట్రోలర్లు. అదే ఏడాది నవంబరులో జీపీఎస్ వారాల లెక్క కూడా 1024 దాటి సున్నాకి తిరుగుతుంది. 1999లో, 2019లో తిరిగినప్పుడు అప్‌డేట్ లేని కొన్ని రిసీవర్లు దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి పోయాయి. ఇవాళ కొంటున్న పరికరాన్ని పద్నాలుగు పదిహేనేళ్లు వాడాలనుకుంటే, అమ్మేవాళ్ల ముందే దాని తేదీని 2039కి మార్చి, ఒకసారి ఆపి ఆన్ చేసి చూడండి.